మల్కు కుడి చెవి

లుంబన్ సిరయా, సమోసిర్ ద్వీపం
1993 ఫిబ్రవరి 16

మేదాన్ పెద్దాసుపత్రిలో జనం చెవులు కడిగే నర్సు, నా చెల్లెలు తియోమినార్‌కి,
నీ గడపకు నెమ్మది కలగాలని కోరుతూ అన్న మంగసి రాసేది.

ఇతో,

ఈ భూమ్మీద నన్ను ఇతో అని పిలిచే, నేను ఇతో అని పిలిచే తోబుట్టువువి నువ్వొక్కదానివే. ఆ ఒక్కదానివీ నాలుగేళ్లుగా ఒక్క ముక్క రాయలేదు. మేనత్త కొడుకింట్లో భోజనం పళ్లెం ముందు నుంచి లేచిపోయావు. నేనన్నదేమిటి? పసిగుడ్డుగా ఉన్నప్పుడు పెద్ద గుడి పాస్టరు నీ నెత్తిన చిలకరించిన మూడు చుక్కలూ బాప్తిస్మం కాదు, నిలువునా మునగాలి అన్నాను. ఈ రోజూ అదే అంటాను.

నాలుగేళ్ల తర్వాత నీ దగ్గర నుంచి పడవలో నాకొచ్చిందేమిటి? క్షమాపణ కాదు, కుక్క. మెడకో తాడు, తాడుకో చీటీ. "వదిన పోయాక ఇంట్లో ఒక్కడివే ప్రసంగాలు చెప్పుకుంటున్నావట. వినడానికి ఒకణ్ణి పంపుతున్నాను. చెవులు పెద్దవి, చాలుతాయి."

బెల్లం రంగు జుట్టు, పాస్టరు అంగీ చేతుల్లా వేలాడే చెవులు. మా పేటలో ఇలాంటి కుక్కని ఎవరూ చూడలేదు. నేను దానికి మల్కు అని పేరు పెట్టాను. తోటలో పేతురు కత్తి దూసి ఎవడి కుడి చెవి నరికాడో, ప్రభువు ఎవడి చెవి తిరిగి అంటించాడో, వాడి పేరు. ఆ చెవుల సైజు చూసి పెట్టానంతే. అది ప్రవచనం అవుతుందనుకోలేదు.

మొన్న 7వ తారీఖు ఆదివారం సరస్సులో నలుగురికి బాప్తిస్మమిచ్చాను. చేపలమ్మే ఆవిడ తల నీళ్లలో ముంచానో లేదో, వెనకనుంచి దభీమని శబ్దం. మల్కు ఈదుకుంటూ వచ్చి ఆవిడ చొక్కా చెయ్యి నోట కరుచుకుని ఒడ్డుకి లాగాడు. నేను మనుషుల్ని ముంచి చంపుతున్నానని వాడి అనుమానం. నలుగురినీ నాలుగుసార్లు కాపాడాడు. ఒడ్డున జనం నవ్వి నవ్వి కీర్తన ఎత్తుకోవడం మరిచారు.

వారం తిరిగేసరికి వాడికి తెగులు పట్టింది. తల విదిలిస్తాడు. కుడి చెవిని నేలకేసి రుద్దుతాడు. లోపల నల్లటి గులిమి, పులిసిన గంజి వాసన. లేఖనం రోగిని నూనెతో అభిషేకించమంది. ప్రార్థన చేసి గోరువెచ్చని కొబ్బరినూనె పూటకో గరిటె చెవిలో పోస్తున్నాను. వాసన ఇంకా పెరిగింది. రేవు దగ్గర లాపో నడిపే పోల్తక్ నాన్న, వాడి కల్లు దుకాణంలో కుక్క మాంసం కూర ఎంత పేరుమోసిందో నీకు తెలుసు, నిన్న వచ్చి వీడి బరువెంత అని అడిగాడు. పదిహేను కిలోలు, ప్రతి కిలో ప్రార్థనాపరుడే అన్నాను.

అసలు వీడు ఎవరి కుక్క? నీ దగ్గరున్నప్పుడు వీడికి ఈ తెగులుందా? నిజం చెప్పు.

మంగసి


మేదాన్
ఫిబ్రవరి 24

ఇతో,

నాలుగేళ్లు నువ్వూ రాయలేదు. కుక్కకి చెవి నొప్పి వస్తే గానీ నీకు చెల్లెలి చిరునామా గుర్తు రాలేదు. సరే, మల్కుకి నా తరఫున కృతజ్ఞతలు చెప్పు.

నా దగ్గర రెండు నెలలున్నాడు, పడవ ఎక్కేటప్పుడు వాడి చెవులు శుభ్రంగానే ఉన్నాయి. పొడుగు చెవుల వాళ్లకి అప్పుడప్పుడూ వస్తుంటుంది, పెద్ద సంగతి కాదు. మా వీధి చివరుండే పశువుల డాక్టరు గిన్తింగ్ గారిని అడిగి చుక్కల మందు పంపుతున్నాను. చెవి పైకెత్తి ఐదు చుక్కలు వెయ్యి. చెవి కింద గుండ్రంగా నిమురు. బయటికి వచ్చింది దూదితో తుడువు. వేలు గానీ పుల్ల గానీ లోపలికి పెట్టకు. రోజుకి రెండుసార్లు, పది రోజులు. పదంటే పది.

ఆ నూనె ఆపు. లోపల తడి ఉన్న చెవిలో నూనె పోస్తే తడికి మూత పెట్టినట్టే. మంచి సమరయుడు నూనె పోసింది గాయం మీద. చెవిలో పోసినట్టు ఎక్కడుందో చూపించు.

తియోమినార్


లుంబన్ సిరయా
మార్చి 8

ఇతో,

స్తోత్రం. నాలుగో రోజుకే స్వస్థత. వాసన లేదు, విదిలింపు లేదు, చెవి లోపల పసిపాప బుగ్గలా గులాబి రంగు. గురువారం కూటంలో మల్కుని ముందు నిలబెట్టి సాక్ష్యం చెప్పాను. కూటం జరిగేది ముసలమ్మ ఓంపు రిన్సన్ ఇంటి ముందు గదిలో కదా, ఆవిడ కూడా ముక్కు మీద నుంచి కొంగు తీసింది.

దేవుడు నాలుగు రోజుల్లో ముగించిన పనిని పది రోజులు సాగదీయడం అవిశ్వాసం. అందుకే చుక్కలు ఆపేశాను. మిగిలిన మందు వృథా చేయలేదు. ఓంపు రిన్సన్ మోకాలికి రాసుకుంటోంది, మంచి గుణం కనిపిస్తోందట.

నిన్న ఆదివారం తొమ్మిది మందికి బాప్తిస్మమిచ్చాను. మల్కు తొమ్మిది మందినీ కాపాడాడు. రేవులో పడవ వాళ్లు ఇప్పుడు టిక్కెట్టు కొన్న జనంలా ముందే వచ్చి కూర్చుంటున్నారు. వాళ్లు నవ్వడానికి వస్తారు, నేను వాక్యం చెప్పి పంపుతాను. వీడు నా సువార్త గంట.

మంగసి


మేదాన్
మార్చి 15

ఇతో,

నీకు మందు సీసా మీద ఉన్న కాగితం చదివి లాభం లేదు, కాబట్టి నీ పుస్తకమే చదువుతాను.

సిరియా సేనాపతి నయమానుకి కుష్ఠు. ప్రవక్త ఏం చెప్పాడు? యొర్దాను నదిలో ఏడుసార్లు మునగమన్నాడు. ఆయన నాలుగో మునక తర్వాత, ఆహా చర్మం కాస్త నునుపయింది, ఇంక మునగడం అవిశ్వాసం అని ఒడ్డెక్కి వచ్చేసి ఉంటే? సగం బాగుపడిన సేనాపతిగా ఇంటికి పోయేవాడు. తర్వాతి వారమే ఒళ్లంతా మళ్లీ మొదలయ్యేది. భార్య తిట్టేది.

పైకి వాసన పోయినంత మాత్రాన లోపల బూజు చచ్చినట్టు కాదు. ఇంకో సీసా పంపుతున్నాను. ఇది మోకాళ్లకి కాదు.

తియోమినార్


లుంబన్ సిరయా
ఏప్రిల్ 17

ఇతో,

నీ ఉత్తరం అందేసరికే వాడి చెవి మళ్లీ కంపు కొడుతోంది. నయమాను విషయంలో నువ్వు చెప్పింది సరైన వాక్యమే. ఎవరి నోట వచ్చినా వాక్యం వాక్యమే కనుక ఒప్పుకుంటున్నాను. ఈసారి పది రోజులూ వేశాను, పదకొండో రోజు కూడా వేశాను. చెవి తళతళలాడింది. సంతోషంతో ఈస్టరు పండగనాడు ఏడుగురికి బాప్తిస్మమిచ్చాను.

ఆరు రోజులు తిరగలేదు. ఇప్పుడు రెండు చెవులూ. కుడి చెవి డొప్ప నెత్తురు నిండి ఆవిరి రొట్టెలా ఉబ్బింది. తల ఒక పక్కకి వంచి నడుస్తున్నాడు. పిలిస్తే ఒక్కోసారి తిరగడు. నేను ఈ గొంతుతో పిలిస్తే, ఇతో. అవతలి ఊళ్లో గేదెలు తల తిప్పే గొంతుతో.

నిన్నటి కూటంలో ఓంపు రిన్సన్ లేచి తీర్పు చెప్పేసింది. "పెంతెకొస్తు పండగ దాకా చూస్తా. అప్పటికీ ఈ కంపు ఇలాగే ఉంటే నా గదిలో కుక్కన్నా ఉండాలి, నేనన్నా ఉండాలి. గది నాది మరి." జనం తలలూపారు. పోల్తక్ నాన్న గుమ్మంలో నిలబడి, కుక్కని ఎవరికివ్వాలో అంతగా తెలియకపోతే తానున్నానని వినయంగా చెప్పాడు. అంత వినయం వాడిలో నేనెప్పుడూ చూడలేదు.

మే 30న పెంతెకొస్తు. నలభై మూడు రోజులుంది.

ఒక సంగతి రాస్తున్నాను, చదివి మడిచి పెట్టేయి, మాట్లాడకు. మీ వదిన పోయిన దగ్గర్నుంచి నేను శనివారం సాయంత్రాలు ప్రసంగం సిద్ధం చేసుకుంటూ కుర్చీకి చెప్పేవాణ్ణి. ఆవిడ కూర్చునే కుర్చీ. ఇప్పుడు మల్కు ఆ కుర్చీ కింద గడ్డం ఆనించి వింటాడు. బాగా లేని చోట ఆవలిస్తాడు. ఆవిడా అంతే.

అందుకే మళ్లీ అడుగుతున్నాను. వీడు నీ దగ్గరికి రాకముందు ఎవరి కుక్క? నా మొదటి ఉత్తరంలో అడిగాను, నువ్వు జవాబు చెప్పకుండా జారుకున్నావు. నలభై ఏళ్లుగా మనుషుల చేత పాపాలు ఒప్పిస్తున్నవాణ్ణి, జారుకునేవాళ్లు నాకు తెలుసు.

మంగసి


మేదాన్
ఏప్రిల్ 23

ఇతో,

ఒప్పుకుంటున్నాను.

వాణ్ణి మొదట పెంచింది రబ్బరు తోటల పెద్ద ఉద్యోగి ఒకాయన. చెవుల కంపు భరించలేక తోటమాలికిచ్చాడు. తోటమాలి తన బావమరిదికిచ్చాడు. ఆ బావమరిది బజారులో ఒక టీచరమ్మకి అంటగట్టాడు. ఆవిడ ఏడుస్తూ డాక్టరు గిన్తింగ్ గారి గుమ్మంలో వదిలి వెళ్లింది. నాలుగిళ్లు మారాడు, ఇతో. నాలుగిళ్లూ ఈ చెవుల కోసమే. రెండు నెలలు నేనూ డాక్టరు గారూ కూర్చుని బాగుచేశాం. ఆరోగ్యంగా ఉన్నప్పుడే నీకు పంపాను. చెవుల సంగతి ముందే రాస్తే నువ్వు తీసుకోవని భయపడ్డాను. దీనిక్కూడా ఓ వాక్యం తీసి నన్ను కొడతావని తెలుసు. కొట్టు.

ఇప్పుడు అసలు మాట. డాక్టరు గారికి నీ ఉత్తరం చదివి వినిపించాను. ఆవిడ నవ్వలేదు. ఇలా మాటిమాటికీ వస్తే చెవి లోపలి దారి గట్టిపడి మూసుకుపోతుందట. ఇంకోసారో రెండుసార్లో అంతే. ఆ తర్వాత కోసి దారి మొత్తం తీసేయడం తప్ప గత్యంతరం లేదు. తీసేస్తే నొప్పి పోతుంది, వినికిడి కూడా పోతుంది.

మందు పని చేస్తోంది, మూడో సీసా పంపుతున్నాను. కానీ ఏదో మళ్లీ మళ్లీ తెచ్చిపెడుతోంది. అదేమిటో పట్టుకోవాలి. వాడేం తింటాడు, ఎక్కడ పడుకుంటాడు, ఎప్పుడు స్నానం చేయిస్తావు, చెవిలో నీళ్లు పోతున్నాయా, అన్నీ రాయి. ప్రసంగంలా కాదు, పోలీసు స్టేషన్లో చెప్పినట్టు.

తియోమినార్


లుంబన్ సిరయా
ఏప్రిల్ 29

ఇతో,

యాకోబు తన గుడ్డి తండ్రి ముందు మేకతోలు కప్పుకుని నిలబడ్డట్టు నువ్వు నా ముందు శుభ్రమైన చెవుల కుక్కని నిలబెట్టావు. కొట్టమన్నావు కనుక కొట్టాను. అయినా ఆ తండ్రి ఇచ్చిన దీవెన వెనక్కి తీసుకోలేదు. నేనూ కుక్కని వెనక్కి పంపను. నాలుగిళ్లు చాలు వాడికి.

నువ్వడిగినవి. అన్నం, సరస్సు చేప, ఉప్పు లేకుండా. కోడి లేదు, పంది లేదు. వారం రోజులు చేప కూడా మానిపించి చిలగడదుంప పెట్టి చూశాను, తేడా లేదు. పడక నా మంచం కింద, పొడి చాప మీద. పేలు లేవు, గోమార్లు లేవు. ఇక స్నానమంటావా, ఇంటికి వచ్చిన రోజు నుంచి ఈ రోజు దాకా వాడికి ఒక్కసారి కూడా స్నానం చేయించలేదు. బకెట్టు చూస్తే మంచం కిందికి దూరతాడు. ప్రమాణం చేయకూడదు గానీ, నా అవును అవును, నా కాదు కాదు. వాడి చెవిలోకి నా చేత్తో ఒక్క చెంబు నీళ్లు పోలేదు.

నీ మూడో సీసా వేస్తున్నాను. వాపు తగ్గింది. వచ్చే ఆదివారం కాదు, ఆ పై ఆదివారం ఇద్దరికి బాప్తిస్మం ఉంది. మల్కుకి అప్పటికి పూర్తిగా నయమవ్వాలని ప్రార్థించు, వాడు లేకపోతే పడవ వాళ్లు రారు.

మంగసి


మేదాన్
మే 4

ఇతో,

నీ ఉత్తరాలన్నీ మంచం మీద వరసగా పరిచాను. పక్కన క్యాలెండరు పెట్టుకున్నాను. మా వార్డులో రోగి అబద్ధం చెబుతున్నాడని అనుమానం వస్తే ఇలాగే చేస్తాం. నువ్వు అబద్ధం చెప్పలేదు. అందుకే ఇంకా నవ్వొస్తోంది.

ఫిబ్రవరి 7న నలుగురు. వారానికి చెవి. మార్చి 7న తొమ్మిది మంది. వారానికి చెవి. ఈస్టరునాడు ఏడుగురు. ఆరు రోజులకి రెండు చెవులూ.

వాడికి ఒక్కసారి కూడా స్నానం చేయించలేదని రాశావు. ఇతో, మొత్తం ఇరవై మందిని కాపాడటానికి వాడు ఇరవై సార్లు సరస్సులో దూకాడు. అది నీ లెక్కలో స్నానం కాదు, ఎందుకంటే నువ్వు దాన్ని బాప్తిస్మం అంటావు. కానీ ఆ చెవులకి ఆ తేడా తెలియదు. నీళ్లు లోపలికి పోతాయి, ఆ పొడుగు డొప్పలు మూతల్లా పడతాయి, లోపల ఎండ తగలదు, గాలి ఆడదు, బూజు పండగ చేసుకుంటుంది. డాక్టరు గిన్తింగ్ గారు వినగానే కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. ఆరిన చెవిలో ఏదీ మొలవదు అన్నారు.

నీ బాప్తిస్మాలు నువ్విచ్చుకో. వాణ్ణి మాత్రం నీళ్లలోకి రానివ్వకు.

చిలకరించే పద్ధతిలో చెవులు ఆరోగ్యంగా ఉంటాయని మా గుడిలో ఎవరూ ఇంతవరకూ గమనించినట్టు లేదు. ఈ ఆదివారం చెబుతాను.

తియోమినార్


లుంబన్ సిరయా
మే 7

తియోమినార్,

అర్థమైంది. నాలుగేళ్లు ఆగి, చెవులు చెడ్డ కుక్కని పంపి, సీసా మీద సీసా పంపి, చివరికి చెప్పదలుచుకుంది ఇదన్నమాట. మునక రోగం తెస్తుంది, మూడు చుక్కలే ఆరోగ్యం. పెద్ద గుడి వాళ్లు పుస్తకాలతో చేయలేని పనిని కుక్కతో చేయించావు. బిలాము గాడిద మాట్లాడింది గానీ అది దేవుడి పక్షాన మాట్లాడింది. నీ కుక్క చుక్కల మతం పక్షాన మాట్లాడుతోంది.

యొర్దానులో మునిగిన వాళ్లెవరికీ చెవి నొప్పి వచ్చినట్టు నేనెక్కడా చదవలేదు.

మంగసి సినురత్


మేదాన్
మే 11

ఇతో,

యొర్దానులో మునిగిన వాళ్లెవరికీ గజం పొడుగు చెవులు లేవు.

నీతో వాదించను. తువ్వాలు పంపుతున్నాను. మెత్తటిది, నీళ్లు బాగా పీలుస్తుంది.

తియోమినార్


లుంబన్ సిరయా
మే 20

ఇతో,

తువ్వాలు అందింది. నీలం రంగు బాగుంది.

9వ తారీఖు ఆదివారం నిన్ను అబద్ధికురాలిగా నిరూపించాలనే మల్కుని ఇంట్లో స్తంభానికి కట్టేసి వెళ్లాను. ఇద్దరికి బాప్తిస్మం. వాడు పెట్టిన ఏడుపుకి సరస్సు అవతలి కొండ కూడా ఏడ్చింది. నేను చెప్పిన వాక్యం నాకే వినబడలేదు. తిరిగొచ్చేసరికి తాడు ముప్పావు వంతు కొరికేశాడు. ఇంకొక్క విశ్వాసి ఉంటే తెంచుకుని వచ్చేవాడు.

వారం గడిచింది. చెవులు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాను. పదో రోజు చూశాను. పదకొండో రోజు ఓంపు రిన్సన్‌ని బతిమాలి ఆవిడ చేత చూపించాను. ఏమీ లేదు. బాప్తిస్మం తర్వాత చెవి కంపు కొట్టకపోవడం ఇదే మొదటిసారి.

సత్యం ఎదురొచ్చినప్పుడు పక్క సందులోకి తప్పుకునేవాణ్ణి కాదు. మునక సిద్ధాంతం తప్పని నువ్వు రుజువు చేయలేదు. కుక్కకి మునక పనికిరాదని మాత్రం రుజువు చేశావు. ఇంతవరకే ఒప్పుకుంటున్నాను, దీన్ని గుడిలో చదవకు.

ఇప్పుడు కష్టమేమిటంటే, పెంతెకొస్తునాడు పన్నెండు మంది మునుగుతున్నారు. పన్నెండోవాడు ఎవరనుకున్నావు, పోల్తక్ నాన్న. అవును, లాపో పోల్తక్ నాన్నే. భార్య పోరు భరించలేక అంటాడు గానీ నేను నాలుగు నెలలుగా వాడి మీద వల వేస్తూనే ఉన్నాను. పన్నెండు మందికి ఏ తాడూ ఆగదు. ఓంపు రిన్సన్ గడువు కూడా ఆ రోజే, వాణ్ణి ఆవిడ గదిలో ఉండనివ్వాలంటే తర్వాత వారం కూడా చెవి ఆరే ఉండాలి. వాడు ఆ రోజు నీళ్లలో దూకాడా, డాక్టరమ్మ చెప్పిన కత్తి, లేదా గుమ్మం బయటికి దారి.

వాడు నా మాట వినడు. నేను కూర్చో అంటే అది ప్రసంగం మొదలనుకుని పడుకుంటాడు. నువ్వు నేర్పిన కూర్చో ఏదో వాడికి వేరే ఉంది. నీ తువ్వాలు విప్పగానే దాని ముందు బుద్ధిగా కూర్చున్నాడు, తువ్వాలుకి గౌరవమిచ్చి.

రా, ఇతో. రేవు పక్కన పెద్ద రాయి ఉంది. దాని మీద కుక్కని పట్టుకుని కూర్చో చాలు. నిన్నెవరూ నీళ్లలోకి పిలవరు. నీ మూడు చుక్కల మాట నా నోట రాదు. నా అవును అవును.

మంగసి


మేదాన్
మే 24

ఇతో,

శనివారం మధ్యాహ్నం పడవకి దిగుతాను. నీళ్లలోకి పిలిస్తే కుక్కతో సహా తిరుగు పడవ ఎక్కుతాను. భోజనంలో పోల్తక్ నాన్న వండిందేదీ ఉండకూడదు.

తియోమినార్


మేదాన్
జూన్ 4

ఇతో,

పండగ రోజు జరిగింది నువ్వూ చూశావు కదా, మళ్లీ రాయడమెందుకంటావేమో. ముఖ్యమైన భాగం జరుగుతున్నప్పుడు నువ్వు నీళ్ల అడుగున ఉన్నావు. కాబట్టి రాస్తున్నాను. మీ ఊళ్లో వాళ్లు చెప్పే కథ నమ్మకు.

మల్కు తలకి నీలం తువ్వాలు చుట్టి గడ్డం కింద ముడివేసి రాయి మీద కూర్చోబెట్టాను. పెద్ద గుడి స్త్రీల సమాజం కార్యదర్శిలా ఉన్నాడంది ఓంపు రిన్సన్. పదకొండు మంది మునిగారు. పదకొండు సార్లు లేచాడు. పదకొండు సార్లు చెవి దగ్గర నెమ్మదిగా కూర్చో అన్నాను. పదకొండు సార్లు వణుకుతూ కూర్చున్నాడు. ప్రతిసారీ నావైపు చూసేవాడు. ఈ ఊళ్లో ఒక్కరికైనా బుద్ధుందా, మీ అన్న మళ్లీ ఒకణ్ణి ముంచాడు అన్నట్టు.

పన్నెండోవాడు పోల్తక్ నాన్న. నువ్వు వాణ్ణి వెనక్కి వంచావు. వాడి కాలు నాచు మీద జారింది. వాడు నీ మెడ పట్టుకున్నాడు. ఇద్దరూ కనబడలేదు. నీ టోపీ ఒక్కటే పైకి తేలింది.

ఒడ్డున ఒక్కరూ కదల్లేదు, ఇతో. నేను వాళ్ల మొహాలు చూశాను. అంత పెద్ద పాపికి ఆ మాత్రం సేపు పడుతుందనుకున్నారు. ఎవరో కీర్తన రెండో చరణం ఎత్తుకున్నారు కూడా. అందరిలోకీ సంగతి తెలిసింది నాకూ మల్కుకీ మాత్రమే. వాడు లేచాడు. తాడు నా చేతిలోంచి జారింది. నేను చెప్పులు వదిలి నీళ్లలోకి నడుస్తూ, వెనక్కి తిరక్కుండానే, కూర్చో అన్నాను. నీ గొంతు కాదు నాది, తెలుసుగా. కీర్తన మధ్యలో అరిచినా పక్కవాళ్లకి వినబడదు.

నీళ్లు నడుముకి వచ్చాయి, రొమ్ముకి వచ్చాయి, గడ్డానికి వచ్చాయి. వెనక దభీమని శబ్దం వస్తుందని ఎదురుచూస్తూనే ఉన్నాను. రాలేదు. నీ కాలరు దొరికింది, లాగాను. తల తిప్పి చూస్తే వాడు ఆ రాయి మీదే ఉన్నాడు. తాడు ఖాళీగా పడుంది, పట్టుకున్నవాళ్లు లేరు. తువ్వాలు చుట్టుకుని, ఒళ్లంతా జ్వరం వచ్చినట్టు వణుకుతూ, కూర్చునే ఉన్నాడు. విన్నాడు, ఇతో. అంత దూరం నుంచి, ఆ కీర్తనలోంచి, నా గొంతు విన్నాడు. డాక్టరు గిన్తింగ్ గారికి ఇది చెప్పినప్పుడు ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

ఇక నీ సంగతి. నువ్వు నీళ్లు కక్కావు, దగ్గావు. కళ్లు ఇంకా తెరవలేదు. అందరూ నీ నోట ఏ వాక్యం వస్తుందోనని ముందుకి వంగారు. నువ్వన్నావు, "వాడి చెవులు తడిశాయా?"

పోల్తక్ నాన్న అప్పటికింకా నీ కాలు పట్టుకునే ఉన్నాడు. వాడి గురించి నువ్వు అడగలేదు.

ముందే చెబుతున్నాను. నేను గడ్డం దాకానే తడిశాను. నా చెవులు పొడిగా ఉన్నాయి. నీ బాప్తిస్మాల పుస్తకంలో నా పేరు కనబడితే మల్కుని తీసుకుపోతాను.

తియోమినార్


లుంబన్ సిరయా
జూన్ 12

ఇతో,

పదమూడు రోజులైంది. ఈ ఉదయం కూటంలో ఓంపు రిన్సన్ అందరి ముందూ వంగి మల్కు కుడి చెవి వాసన చూసింది, ఎడమ చెవి వాసన చూసింది, మళ్లీ కుడి చెవి చూసింది. "పొడి బట్టల వాసన" అని తీర్పిచ్చి వాడికి తన కుర్చీ పక్కన చాప వేయించింది. గడువు కొట్టేసింది. మోకాలికి ఇంకో సీసా పంపగలవా అని అడగమంది, నేను అడగలేదు.

పోల్తక్ నాన్న ఇప్పుడు సమోసిర్ మొత్తంలో అందరికంటే ఎక్కువసేపు మునిగిన విశ్వాసి తానేనని రేవంతా చెప్పుకుంటున్నాడు. మల్కు బరువు అడగడం మానేశాడు, రోజూ ఒక చేప తల పంపుతున్నాడు. దుకాణంలో ఆ కూర వండటం మానేశాడా అని అడగకు. విశ్వాసంలో ఇంకా పాలు తాగే వయసు వాడిది.

నా పుస్తకంలో పన్నెండు పేర్లే రాశాను. గడ్డం దాకా తడిసిన వాళ్లకి అందులో గడి లేదు. చెల్లెలు అన్నని కాలరు పట్టుకుని లాగడం బాప్తిస్మం అని లేఖనంలో ఎక్కడా లేదు. వెతికాను.

రోజూ పొద్దున మల్కుని ఒళ్లో పడుకోబెట్టుకుని, చెవులు ఆరబెట్టడానికి డాక్టరమ్మ నీ చేత పంపిన మందు వేస్తున్నాను. ఐదు చుక్కలు. ఆ రోజు భోజనం పళ్లెం ముందు నేనన్న మాట ఈ పని చేస్తున్నప్పుడే గుర్తొస్తుంది. చుక్కల్ని నేను మరీ అంత చులకన చేసి ఉండకూడదు. ఇంతకంటే ఎక్కువ నా చేత రాయించకు, చెయ్యి నొప్పి పుడుతోంది.

జూలై మొదటి ఆదివారం ఆరుగురున్నారు. రాయి అక్కడే ఉంది. తువ్వాలు ఉతికి ఆరేశాను. మల్కు దాని కింద కూర్చుని, రేవు వైపు చూస్తున్నాడు.

నీ ఇతో,
మంగసి